పేరు చివరి మాట

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. మంద కృష్ణ, ఆయన వెంట నడిచినవాళ్లు పేర్ల చివర ‘మాదిగ’ అని చేర్చుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని నిక్షేపంగా రాసుకునే నేల ఇది. ఇక్కడే సామెతల్లో, తిట్లలో నలిగిన మాటను వాళ్లు కరపత్రాల మీద, గోడల మీద పెద్ద అక్షరాల్లో రాశారు. ఉద్యమాన్ని దండోరా అన్నారు. ఊరి పెద్దల హుకుం చాటడానికి తరతరాలుగా ఎవరిచేత డప్పు కొట్టించారో మనందరికీ తెలుసు. ఆ డప్పే ఎస్సీ రిజర్వేషన్లలో మా వాటా ఏదని అడిగింది.

వాళ్లు ఆ మాటను పేరు చివర చేర్చుకోవడం సరైన పనేనని నా గట్టి నమ్మకం. ఆ మాట వెంట, ఎస్సీ రిజర్వేషన్లను కులాలవారీగా పంచాలనే వర్గీకరణ డిమాండు ఉంది. వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసినా పోరాటం ఆగలేదు. రాష్ట్రాలకు వర్గీకరించే అధికారం ఉందని 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పేరు ఎవరు పెట్టారన్నదీ ముఖ్యమే. గాంధీ ప్రచారంలోకి తెచ్చిన ‘హరిజన’లో తిట్టు లేదు. అయినా అది పైనుంచి దయగా పెట్టిన పేరని దళితులు కాదన్నారు. 1985లో కారంచేడులో దళితుల మారణకాండ తర్వాత ఏర్పడిన సంస్థ దళిత మహాసభ అనే పేరు పెట్టుకుంది.

కాపీ దిద్దే బల్ల దగ్గర ఈ పేర్ల సంగతి నాకు నిత్యం ఎదురయ్యేదే. పేరు చివర ‘మాదిగ’ అని రాసుకున్నవారి పేరును, చోటు చాలకపోయినా, కత్తిరించను. రాసుకోనివారికి నేనుగా తగిలించను. అదే మాటను బయటివాళ్లు సామెతగా వాడితే కొట్టేస్తాను. నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

అయితే హైదరాబాద్‌లో అద్దె గది కోసం తిరిగే విద్యార్థికి, ‘మీరేమిట్లు?’ అని కులం అడిగే ఇంటి ఓనరు ముందు ఆ మాట పలకడం ఇప్పటికీ కష్టమే. అక్కడ అతను మౌనంగా ఉంటే తప్పుపట్టే హక్కు ఉద్యమానికీ లేదనుకుంటాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఓనరును నిలదీయాల్సింది, ఏ జంకూ లేకుండా కులం చెప్పుకోగలిగిన మనమే.