ముద్ర మీద సుద్ద రంగు

1843లో లండన్‌లో హెన్రీ కోల్ క్రిస్మస్ కార్డు వేయించి అమ్మకానికి పెట్టినప్పుడు అచ్చులో దిగింది గీతలే. జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ గీసిన బొమ్మను లితోలో తీసి, రంగులు మాత్రం చేత్తో దిద్దించారు. ఒక్కో కార్డు షిల్లింగు. గీత అచ్చుది, రంగు చేతిది అన్న ఆ పని విభజనే నేటికీ రబ్బరు స్టాంపు కార్డుల్లో నడుస్తోంది. మన పెడన కలంకారీలోనూ గీతకో అచ్చు ఉంటుంది. కానీ అక్కడ రంగు నింపడానికీ వేరే అచ్చులే వాడతారు. కార్డు మీద ఆ పని వేలిది, దూదిది. అందుకే ఒకే స్టాంపుతో పది కార్డులు చేసినా ఏ రెండూ ఒక్కలా రావు.

రంగు వేయడానికి స్కెచ్ పెన్నులున్నాయి, వాటర్ కలర్లున్నాయి. నా ఓటు సుద్ద పాస్టెల్స్‌కే. రంగు పొడి, సుద్ద, వాటిని పట్టి ఉంచేందుకు పిసరంత జిగురు, ఇదీ పాస్టెల్ కడ్డీ. తడి లేదు కనుక కార్డు వంకర పోదు, ఆరేదాకా కాచుకోనక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్ చిత్రకారిణి రొసాల్బా కరియేరా మనుషుల బుగ్గల మెత్తదనాన్ని ఈ పొడితోనే పట్టుకుంది. పూరేకుకు కావలసిందీ ఆ మెత్తదనమే. కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద చదివి తీసుకోండి. ఆయిల్ పాస్టెల్స్‌లో మైనం, నూనె ఉంటాయి, అవి ఈ పనికి రావు. బళ్లో బోర్డు మీద రాసే రంగు సుద్దముక్కల్లో రంగు మరీ పలచన.

అసలు చిక్కు కాగితం దగ్గర వస్తుంది. స్టాంపుకు నునుపు కావాలి, సుద్దకు గరుకు కావాలి. మెరిసే కార్డు మీద ముద్ర చక్కగా పడుతుంది గానీ పొడి జారిపోతుంది. బాగా గరుకైన చేతి కాగితం మీద రంగు నిలుస్తుంది, గీత ముక్కలవుతుంది. మెరుపు లేని మందపాటి కార్డు ఈ రెంటికీ మధ్యేమార్గం.

మందారం స్టాంపు ఉందనుకుందాం. నల్ల ఇంకుతో ముద్ర వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడితే నలుపు పొడిలో కలిసి పువ్వంతా మసిబారుతుంది. అంత ఓపిక లేకపోతే, తడిగా ఉండగానే ఎంబాసింగ్ పొడి చల్లి, అంటుకోనిది దులిపేసి, హీట్ గన్‌తో వేడి చూపిస్తే గీత కరిగి, గట్టుకట్టి మెరుస్తుంది. దానిమీద సుద్ద పడినా గుడ్డతో తుడిస్తే పోతుంది.

కడ్డీని కార్డు మీద నేరుగా రుద్దకండి. బ్లేడుతో చిత్తుకాగితం మీదికి కాస్త గీకి, ఇయర్ బడ్‌తో అద్దుకుని, ఎక్కువైన పొడి దులిపి, అప్పుడు రేకు మీదికి వెళ్లాలి. ముందు లేత గులాబీ, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టుగా. తర్వాత రేకు మొదట్లో, పువ్వు గొంతు దగ్గర మెరూన్. రేకు అంచున కాగితం తెలుపు అలాగే వదిలేయాలి. అక్కడికి చేయి ఆపుకోవడమే కష్టం! రంగు గీత దాటితే పిసికితే మెత్తబడే రబ్బరుతో అద్ది తీసేయొచ్చు. సన్నగా కొసదేల్చిన రబ్బరుతో ఒక్క గీత గీస్తే కేసరం మీద వెలుగు పడుతుంది.

గీతే లేకుండా చేసే పద్ధతి ఇంకోటుంది. వెర్సామార్క్ లాంటి రంగులేని జిగట ఇంకుతో ముద్ర వేస్తే ఏమీ కనిపించీ కనిపించనట్టుంటుంది. దూదితో పొడి అద్దితే జిగట ఉన్నచోట అది ఎక్కువగా పట్టి, ఆకూ తీగా పైకి తేలుతాయి. నల్ల కార్డు మీద ఇది చూసి తీరాలి. వెనక తీగలకు ఇదీ, ముందున్న పువ్వుకు మొదటి పద్ధతీ వాడితే కార్డుకు లోతు వస్తుంది.

రంగు నిలవడానికి ఫిక్సెటివ్ కొట్టమంటారు. కొడితే లేత రంగులు ఒక ఛాయ ముదురుతాయి. పల్చగా, దూరం నుంచి ఒకసారి చాలు. నేనైతే కార్డును తిప్పి వెనక తట్టి, మీద బటర్ పేపర్ ముక్క పెట్టి కవరులో వేస్తాను. నోటితో మాత్రం ఊదొద్దు, పొడి గాల్లో లేచి మన ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది.

ఒకప్పుడు సంక్రాంతి వస్తే ఫ్యాన్సీ షాపుల్లో హీరోల బొమ్మల గ్రీటింగు కార్డులు వేలాడేవి. ఇప్పుడా శుభాకాంక్షలన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. అచ్చు కార్డుకు కాలం చెల్లినా, ఎవరో గంటసేపు కూర్చుని మనకోసమే రంగులద్దిన కార్డును పారేయడానికి చేతులు రావు.

మొదటిసారి కొనేవాళ్లకు 12 రంగుల పెట్టె చాలు. పసుపు మీద నీలం పల్చగా అద్దితే ఆకుపచ్చ వస్తుంది. పెట్టెలోని ఆకుపచ్చ కంటే మన ఆకులకు అదే దగ్గర.