బార్డ్ ఖాతాలో పడని దెబ్బలు

శనివారం రాత్రి ఆట ముగించి పాచికలు సంచిలో వేసుకుంటుంటే మేనల్లుడు అననే అన్నాడు. "మామయ్యా, ఆ వందిమాగధుణ్ని ఇకనైనా మార్చు. నాలుగు గంటలాడి పదకొండు పాయింట్లు కొట్టావు." వాడు ఊరికే అనలేదు, ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ చూపించి మరీ అన్నాడు. అందులో వాడి ఫైటర్ ఖాతాలో తొంభై పైచిలుకున్నాయి.

కాలమిస్టుకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల దగ్గర ఎప్పుడు కూర్చున్నా ఆయన బార్డ్ అనే గాయకుడి పాత్రే తీసుకుంటాడని ఈ కాలమ్ పాత పాఠకులకు తెలుసు. కత్తి పట్టినవాడి కన్నా వాడి చేత కొట్టించినవాడే గొప్పని వాదించి ఆయన పోగొట్టుకున్న స్నేహాలూ తెలుసు.

పొద్దున్నే కాగితం తీసుకుని ఆఖరి పోరు గుర్తు చేసుకున్నాడు. హాబ్‌గాబ్లిన్‌కు దెబ్బ తగలాలంటే 18 రావాలి. మేనల్లుడికి అన్నీ కలిపి 15 వచ్చింది. బార్డ్ ప్రోత్సాహంగా ముందే ఇచ్చి ఉంచిన ఆరు ముఖాల పాచిక వేస్తే 4 పడింది. దెబ్బ తగిలింది, హాబ్‌గాబ్లిన్ కూలింది. స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం ఆ పాయింట్లన్నీ ఫైటర్‌వే. ఆరు ముఖాల పాచికకు సగటు మూడున్నర. దెబ్బ తగిలేదీ లేనిదీ తేల్చే ఇరవై ముఖాల పాచిక మీద ఒక్కో అంకె విలువ 5 శాతం. అంటే ఆ చిన్న పాచిక చేతిలో ఉన్నవాడికి నూటికి పదిహేడున్నర దెబ్బలు అదనంగా తగులుతాయన్నమాట. ఏ ఫైటరూ ఈ లెక్క రాసుకోడు.

బార్డ్‌కు ఈ చిన్నచూపు పాతదే. ఆట 1974లో వచ్చింది. రెండేళ్లకు, 1976 ఫిబ్రవరిలో, డగ్ ష్వెగ్‌మన్ 'ది స్ట్రాటెజిక్ రివ్యూ' పత్రికలో ఈ పాత్ర తరగతిని, అంటే క్లాస్‌ను, ప్రవేశపెట్టాడు. నార్వే వైపు స్కాల్డ్‌లనూ, కెల్టిక్ బార్డ్‌లనూ, దక్షిణ ఐరోపా గాయకులనూ కలిపి వండిన అవియల్ అది. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆట సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ దాన్ని వెనక అనుబంధంలోకి నెట్టాడు. ముందు ఫైటర్‌గా, తర్వాత దొంగగా ఎదిగి వస్తేనే బార్డ్ అయ్యే యోగం. 2000 నాటి మూడో ఎడిషన్ బార్డ్ పాడితే విన్న మిత్రులకు దెబ్బకు ఒక్క పాయింటు కలిసేది. అతని మంత్రాలు ఆరో మెట్టు దగ్గరే ఆగిపోయేవి. మంత్రగాడైన విజార్డ్ తొమ్మిదో మెట్టు దాకా వెళ్లేవాడు.

మేనల్లుడు అన్నిటికన్నా ఎక్కువగా నవ్వేది విషస్ మాకరీ అనే మంత్రాన్ని చూసి. శత్రువును తిడితే వాడికి గాయమవుతుంది, 2014 నియమాల్లో మొదట్లో నాలుగు ముఖాల పాచికంత. పైగా వాడి తర్వాతి దెబ్బ గురి తప్పే అవకాశం పెరుగుతుంది. "తిడితే చస్తారా ఎవరైనా?" అంటాడు వాడు.

తిట్టు తగిలిన కథలు లేకపోలేదు. ఐర్లండ్ పాత కథల్లో కెయిర్‌బ్రే అనే కవి బ్రెస్ రాజు ఇంటికి అతిథిగా వెళ్లాడు. నిప్పు కూడా లేని చీకటి కొట్టంలో పడేసి మూడు ఎండు రొట్టెలు పెట్టారు. తెల్లారి లేచి ఆయన తిట్టిన తిట్టుతో బ్రెస్ ఏలుబడి క్షీణించింది. మన వేములవాడ భీమకవి కథా దగ్గర దగ్గర ఇదే. విందులోకి రానివ్వనివాళ్ల అప్పాలను కప్పలు చేశాడనీ, అన్నాన్ని సున్నం చేశాడనీ చెప్పుకుంటారు. రెండు చోట్లా తగువు విస్తరి దగ్గరే!

కాలమిస్టుకు భీమకవి కథ చెప్పింది తాతయ్య. ఎనిమిదో తరగతిలో లెక్కల్లో మూడు మార్కులు వచ్చినప్పుడు ఆ కథ అక్కరకొచ్చింది. మాస్టారి మీద ఒక ఆటవెలది రాసి, వెనక బెంచీలో నలుగురికి చదివి వినిపించాడు. మర్నాడు మాస్టారు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజుకు వెనక బెంచీ వాళ్లు ఈయన పక్కన కూర్చోవడం మానేశారు. ఈయనకైతే రాత్రిళ్లు జ్వరం. నాలుగో రోజు మాస్టారు కూతురి పెళ్లి లడ్డూల సంచీతో నవ్వుతూ వచ్చి, మొదటి లడ్డూ ఈయన చేతిలోనే పెట్టారు. తాతయ్య ఆ పద్యం చదివి, "మూడో పాదంలో యతి తప్పావురా, అందుకే పారలేదు" అన్నాడు.

అయితే బార్డ్ బలహీనుడు కాడని నిరూపించడానికి ఇన్ని కథలు అక్కర్లేదు. 2014 ఎడిషన్‌లోనే అతనికి తొమ్మిదో మెట్టు దాకా మంత్రాలిచ్చేశారు. మ్యాజికల్ సీక్రెట్స్ పేరుతో ఇతర క్లాసుల మంత్రాలు ఎత్తుకొచ్చుకునే వీలూ ఇచ్చారు. ఇదంతా రుజువులతో రాసి మేనల్లుడి నోరు మూయిద్దామని కాలమిస్టు పాత నోట్‌బుక్ తిరగేశాడు. అక్కడే దొరికిపోయాడు.

నిరుడు ఆడిన, కాలేజ్ ఆఫ్ లోర్ అనే శాఖకు చెందిన బార్డ్ ఆరో లెవెల్‌కు చేరగానే ఈయన విజార్డ్‌ల ఫైర్‌బాల్ మంత్రం తీసుకున్నాడు. ఆ తర్వాత ఐదు శనివారాల్లో పక్కవాడికి పాచిక ఇచ్చింది రెండేసార్లు. మిగతా సమయమంతా నిప్పులు కురిపించాడు, విజార్డ్ చేసే పనే వీణ మెడలో వేసుకుని చేశాడు. పాయింట్లు దండిగా వచ్చాయి. పాడినట్టు మాత్రం నోట్‌బుక్‌లో ఒక్క ముక్క లేదు. ఒక్క పాయింటు కలిపే ఆ 2000 నాటి పేద బార్డ్‌కు పాడటం తప్ప గతిలేదు. బల్ల చుట్టూ ఎవరికి ఎప్పుడు ఏం కావాలో అతను కనిపెట్టుకుని ఉండేవాడు.

ఇప్పుడు చేతిలో ఉన్న బార్డ్ మూడో లెవెల్‌లో ఉన్నాడు. ఆరుకు చేరినా ఫైర్‌బాల్ జోలికి పోనని కాలమిస్టు మేనల్లుడికి ఫోన్ చేసి చెప్పాడు. వాడు కాసేపు మాట్లాడలేదు. "పోనీలే మామయ్యా, ఆ 4 పడింది చూడు, అది నీ వరసలో వేస్తాను. పదిహేను అవుతుంది" అన్నాడు.