దొంగలైన నమ్మినబంట్లు : దశకుమారచరిత్రమున హాస్యము

13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికి మంత్రియైన తిక్కనకు మూలఘటిక కేతన తన దశకుమారచరిత్రమును అంకితమొనర్చెను. దండి సంస్కృత గద్యకథను తెలుగు కావ్యముగ వెలయించి అభినవదండి యనిపించుకొనెను. ఇందలి చౌర్యకథలను వినోదమాత్రముగ గణించుట కలదు. కాని ఆ వినోదమున కాధారమైన ప్రశ్న గంభీరమైనది: సేవకుని విశ్వాసమును యజమాని దేనినిబట్టి గుర్తించును?

అపహారవర్మ కథకు రంగము చంపానగరము. దానశీలుడై నిర్ధనుడైన ధనమిత్రునకు వాగ్దత్తయైన కులపాలికను ఆమె తండ్రి ధనికుడగు అర్థపతికి ఈయదలచెను. మిత్రులిరువురును ఆ కన్యచేతనే దారి చూపించుకొని, తండ్రి యింట మట్టికుండలు తప్ప మిగులనీయరు. ఇంటిగుట్టు ఇంటివారివలననే బయటపడుట ఇచట మొదటి మెట్టు.

రెండవది మరింత సూక్ష్మము. అపహారవర్మ జూదపునేస్తము విమర్దకుడు అర్థపతి కొలువున జేరును. యజమాని పక్షము వహించి ధనమిత్రుని దూషించి, అతని మహిమగల తోలుతిత్తిని దొంగిలింతునని బెదరించును. పిమ్మట తిత్తి మాయమగును. రాజు ప్రశ్నింపగా అర్థపతి విమర్దకుడు తన ఆప్తుడని యొప్పుకొనును. కాని వానిని తెచ్చి చూపజాలడు. కేకలనే విశ్వాసమునకు సాక్ష్యముగ గొన్నవాడు ఆ సాక్ష్యమునకే చిక్కెను.

రాగమంజరి దాదియగు శృగాలిక ఇందుకు భిన్నము. ఆమె విశ్వాసము వేషము కాదు. అపహారవర్మ చెరబడినపుడు, రాకుమారి అంబాలిక నిన్ను వలచినదని చెరసాల యధికారి కాంతకుని నమ్మించును. ఆ మోహమున అతడు కన్నము వేయుట యెరిగిన ఖైదీకి తానే సంకెలలు విప్పించును. కావలివాడే కన్నమునకు తోడగుట కథలోని హాస్యమునకు పరాకాష్ఠ. అయితే కాంతకుని వధతో నవ్వు చప్పబడును. దండి అచట వేగమును పాటించినాడే గాని ఔచిత్యమును పాటింపలేదు.

మృచ్ఛకటికముతో పోల్చినచో భేదము స్పష్టము. శర్విలకుడు మదనికను దాస్యమునుండి విడిపింప నగలు దొంగిలించును. ఆ దాసియే వానిని వసంతసేన కిప్పించును. అచట సేవకురాలి విశ్వాసము చౌర్యమును చక్కదిద్దును. ఇచట చౌర్యమును నడిపించును.

ఈ కేతనయే మితాక్షరను విజ్ఞానేశ్వరీయముగ తెనిగించెను. యాజ్ఞవల్క్యుని వ్యవహారపదములలో స్తేయమును, ఒప్పుకొన్న సేవ చేయకుండుటయు వేర్వేరు వివాదములు. అది వణిజుల ధనరక్షణ ప్రధానమైన కాలము. తుపానున తీరము చేరిన ఓడల సరకును పూర్వరాజులు లాగికొనుచుండగా, గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనమున ఓడవర్తకులకు అభయ మొసగెను. రాజే కొల్లగొట్టినపుడు దొంగ యెవ్వడను ప్రశ్న కోస్తాంధ్రమున కొత్తది కాదు.

కావున కేతన చౌర్యమును మెచ్చినాడనుట పొరపాటు. శిక్షాస్మృతి యెరిగిన కవి నవ్వించినది దొంగతనమును చూచి కాదు. సేవకుని మనసు తెలియక, వాని మాటను కొన్న యజమానిని చూచి. పరిశోధకులు ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను.