గుంతలకన్నా ముళ్ళే ఎక్కువ

షాద్‌నగర్ చుట్టూ మొరం బాటలున్నాయి, చెరువు కట్టలున్నాయి, చెలకల నడుమ పరుపు బండలున్నాయి. ఇప్పుడు వీటికి తోడు వెంచర్లు. ప్లాట్లు అమ్ముడుపోయినా ఇల్లు ఒక్కటీ లేవదు. హద్దురాళ్ళ మధ్య వెడల్పాటి మట్టి రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. రియల్ ఎస్టేట్ వల్ల సైకిల్ తొక్కేవాడికి ఒరిగిన మేలు బహుశా ఇదొక్కటే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. బాగుంది, కానీ మట్టి మీది సరదా దానికి రాదు.

"ఈ బాటలకు ఏది కొనాలె అన్నా?" అంటూ కుర్రాళ్ళు ఫోన్లో ఫోటో చూపిస్తారు. ముందొక స్ప్రింగు, సీటు కింద ఇంకొకటి, ఇరవై ఒక్క గేర్లు, పదివేల చిల్లర ధర. ఆ ధరలో స్ప్రింగంటే చాలావరకు బరువే. గుంతలో దిగగానే కుంగుతుంది, అంతే వేగంగా పైకి తంతుంది. కట్ట ఎక్కేటప్పుడు కాలి బలంలో కొంత అదే మింగుతుంది. పాల క్యాన్లు కట్టుకుని ఇవే బాటల్లో తిరిగిన పాత హీరో, అట్లాస్ సైకిళ్ళకు స్ప్రింగులు సీటుకు తప్ప ఇంకెక్కడా ఉండేవి కావు.

అమెరికాలోనూ మట్టి బాటల్లో సైకిల్ తొక్కే ఈ ఆట ఖరీదైన బండ్లతో మొదలు కాలేదు. కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో 1976లో కొండ దిగే పందేలు పెట్టుకున్నవాళ్ళవి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ళు. వాళ్ళను వేధించినవి హబ్బులో ఉండే బ్రేకులు. కిందికి చేరేసరికి వెనక హబ్బులో గ్రీజు మాడి పొగైపోయేది, మళ్ళీ నింపుకోవాలి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ తెచ్చిన స్టంప్‌జంపర్‌కు కూడా సస్పెన్షన్ లేదు.

కాబట్టి మామూలు ఫోర్కు, రెండంగుళాల టైరు, నమ్మకమైన బ్రేకు చూసుకోండి. డిస్కు బ్రేకంటే మోజు ఉంటుంది గానీ, చౌక డిస్కు తరచూ రాసుకుంటుంది, సెట్ చేయడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. రిమ్మును పట్టే పవర్ బ్రేకుకైతే రబ్బర్లు మీరే మార్చుకోవచ్చు. నేల మీద నిలబడితే రాడ్డుకూ మీకూ మధ్య రెండంగుళాల సందైనా ఉండాలి. "పెరిగే పిల్లవాడు కదా" అని పెద్ద సైజు అంటగట్టే సేటు మాట వినకండి.

కొత్తదే కావాలనేం లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఆరోగ్యం మీద బెంగతో కొని, నగరంలోని అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో వదిలేసినవి బేరానికి దొరుకుతాయి. చక్రం ఎత్తి తిప్పి చూడండి, వంకర తెలుస్తుంది. పక్కలకు ఊపితే హబ్బు వదులైందో లేదో కూడా తెలుస్తుంది.

అసలు శత్రువు సర్కారు తుమ్మ. దాని తర్వాత పల్లేరు. మిగిలిన డబ్బు ఆ ముళ్ళను తట్టుకోవడానికి పెట్టండి. ట్యూబులో పోసే సీలెంట్, చిన్న పంపు, పంచర్ అతుకులు. వాల్వు మోటార్‌సైకిల్ రకందైతే హైవే మీద ఏ పంచర్ షాపులోనైనా గాలి కొడతారు. రాయంత గట్టిగా కొట్టనివ్వకండి, మట్టి మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే పట్టు.

వానాకాలంలో ఎర్ర చెలక తొందరగా ఆరుతుంది. నల్లరేగడి అలా కాదు, ఫోర్కుకూ టైరుకూ మధ్య పేరుకుని చక్రాన్ని కదలనివ్వదు. షాపువాళ్ళు మడ్‌గార్డులు ఉచితమంటారు. టైరుకు వేలెడు ఎడం లేకపోతే అవి వద్దని, బదులుగా ఒక ట్యూబు అడగండి.