అరవయ్యో సెకను దగ్గర అతుకు

పార్లొఫోన్ ఆర్ 5570. బీటిల్స్ 1967 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఏడంగుళాల రికార్డు. ఒక వైపు ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’, ఇంకో వైపు ‘పెనీ లేన్’. రెండూ వాళ్లు పెరిగిన లివర్‌పూల్‌లోని చోట్ల మీద కట్టిన పాటలే. మొదటి దాని పేరు సాల్వేషన్ ఆర్మీ వాళ్లు నడిపిన ఒక పిల్లల ఆశ్రమానిది. పాత రాక్ సింగిల్స్ సేకరించేవాళ్లు దీన్ని అపురూపమైన సరుకుగా చూడరు. లక్షల్లో అచ్చయింది, వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది. అయినా రికార్డు అనే వస్తువులో పనితనం ఎక్కడుంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు వినిపించేది ఇదే.

రికార్డింగు 1966 నవంబరు 24న లండన్‌లో, ఆబీ రోడ్ మీది ఈఎంఐ రెండో స్టూడియోలో మొదలైంది. ఆ ఆగస్టుతోనే బీటిల్స్ కచేరీ యాత్రలు మానేశారు. ఈ పాటను రేపు వేదిక మీద ఎలా వాయించాలన్న బెంగ లేదు. ఉన్న ఇబ్బందల్లా యంత్రానిది. టేపు మీద నాలుగే ట్రాకులు. అవి నిండితే అన్నింటినీ కలిపి మరో టేపు మీదికి దించుకుని, ఖాళీ అయిన చోట కొత్త వాద్యం ఎక్కించాలి. అలా దించిన ప్రతిసారీ కాస్త గరగర చేరుతుంది. పైగా డప్పు ఎక్కువైందనో గిటారు తగ్గిందనో తర్వాత సరిదిద్దుకోవడానికి ఉండదు. ఈ రోజుల్లో చివరిదాకా వాయిదా వేసే నిర్ణయాలన్నీ అప్పుడు అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వచ్చేది.

పాట మొదట్లో వేణువుల్లా వినిపించేవి మెలోట్రాన్ స్వరాలు. ఆ వాద్యంలో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. దాని మీద అసలు వేణువు పలికిన ఒక్కో స్వరం. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, ఏడెనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీస్తే వెనక్కి లాక్కుంటుంది. ఆ ఆరంభం వాయించింది పాల్ మెకార్ట్నీ. నవంబరు నెలాఖరుకు ఏడో టేకు సిద్ధమైంది. మెత్తగా, నిద్రమత్తుగా ఉంటుంది.

జాన్ లెనన్‌కు తృప్తి కలగలేదు. ఇంకా బరువుగా ఉండాలన్నాడు. డిసెంబరు 8న మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి డప్పుల హోరు, వెనక్కి తిప్పి వినిపించిన తాళాలు. నిర్మాత జార్జ్ మార్టిన్ నాలుగు ట్రంపెట్లకు, మూడు చెల్లోలకు సంగీతం రాశాడు. జార్జ్ హారిసన్ మన స్వరమండలం తెచ్చాడు. హిందుస్థానీ గాయకులు ఒళ్లో పెట్టుకుని మీటుకునే ఆ తీగల పెట్టె ఇక్కడ పల్లవి ముగిసి చరణం మొదలయ్యే సందులో పైనుంచి కిందికి జారుతుంది. భారతీయ వాద్యాన్ని రంగు కోసం వాడుకున్న ఆనాటి రాక్ పాటలు చాలానే ఉన్నాయి. ఇందులో మాత్రం దానికొక పని ఉంది: తలుపు తెరిచే పని.

ఇప్పుడు చేతిలో రెండు పాటలు. లెనన్‌కు రెండూ నచ్చాయి. మొదటి దాని ఆరంభం, రెండో దాని ముగింపు కలిపేయమన్నాడు. శ్రుతి వేరు, వేగం వేరు అని మార్టిన్ మొత్తుకున్నాడు. మీరు చేయగలరులే అని లెనన్ వెళ్లిపోయాడు.

డిసెంబరు 22న మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ ఆ పనికి కూర్చున్నారు. టేపును నెమ్మదిగా తిప్పితే వేగంతోపాటు శ్రుతీ దిగుతుంది, ఒకటి తగ్గి ఇంకొకటి అలాగే ఉండటం కుదరదు. ఇక్కడ అదే కలిసొచ్చింది. రెండో టేపు వేగంలోనూ ఎక్కువే, శ్రుతిలోనూ ఎక్కువే. దాన్ని నెమ్మదింపజేసి, మొదటి దాన్ని రవ్వంత తొందరపెట్టేసరికి రెండూ ఒక దగ్గరికి వచ్చాయి. ఇక మిగిలింది కత్తెర. మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పోగులు అచ్చతికేవాళ్ల చేతికుండే నిదానం ఆ కోతలో ఉంది. పాట మొదలైన సుమారు అరవై సెకన్లకు, రెండోసారి పల్లవి ఎత్తుకోగానే, ఒక మాటకూ తర్వాతి మాటకూ నడుమ కోసి అతికారు.

చోటు ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంది. పల్లవికీ చరణానికీ మధ్య కోయడం తేలిక, కానీ అక్కడ చెవి మార్పు కోసం కాచుకుని ఉంటుంది. వాక్యం మధ్యలో అయితే మనసు పాడేవాడి వెంట పోతుంది. అతుకు దాటగానే చెల్లోలు, ట్రంపెట్లు వచ్చి పడతాయి, లెనన్ గొంతు బరువెక్కి మందగిస్తుంది. టేపు నెమ్మదించడం వల్ల వచ్చిన ఆ మత్తు పాట భావానికి ఎంత సరిపోయిందంటే, గాయకుడు కావాలనే అలా పాడాడనిపిస్తుంది.

సేకరించేవాళ్లు చదివేది ఇంకొకటుంది. చివరి గాడికీ లేబులుకూ మధ్య ఉన్న నున్నటి పట్టీని వెలుగులో ఏటవాలుగా పట్టుకోవాలి. గడియారంలో ఆరు ఉండే చోట 7ఎక్స్‌సీఈతో మొదలయ్యే మాట్రిక్స్ సంఖ్య కనిపిస్తుంది. తొమ్మిది దగ్గరి అంకె ‘మదర్’ అనే లోహపు పలకది. మూడు దగ్గరి అక్షరాలు రికార్డును నొక్కిన స్టాంపరువి. ‘గ్రామొఫోన్ లిమిటెడ్’ పేరులోంచి తీసిన పది ఇంగ్లిష్ అక్షరాలే ఈఎంఐకి అంకెలు: జీ అంటే ఒకటి, ఆర్ అంటే రెండు, అలా చివరి డీ అంటే సున్నా. జీ ఉన్న కాపీకి ఎగబడతారు. నాకు ఆ మోజు కొంచెం అతిగానే కనిపిస్తుంది. స్టాంపరు అరుగుతుంది కాబట్టి, మొదటి స్టాంపరు చివర్లో నొక్కిన రికార్డు కంటే యాభయ్యో స్టాంపరు మొదట్లో నొక్కినది బాగుండొచ్చు.

‘పెనీ లేన్’ వైపు అసలు వేట అమెరికా ప్రచార ప్రతులది. అందులోని పికలో ట్రంపెట్ డేవిడ్ మేసన్ వాయించాడు. టీవీలో అతను బాఖ్ బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలో వాయిస్తుంటే మెకార్ట్నీ చూశాడు, కొద్దిరోజులకే, జనవరి 17న, స్టూడియోకు పిలిపించారు. అమెరికాకు ముందుగా పంపిన మిక్స్‌లో పాట చివర మరో ట్రంపెట్ తునక ఉంది. తర్వాత దాన్ని తీసేశారు. రేడియో స్టేషన్లకు వెళ్లిన తొలి ప్రతుల్లో మాత్రం అది మిగిలిపోయింది.

మన దేశం నుంచి ప్రపంచ సేకర్తలు వెతుక్కునేవి అంతకు ముందటి రికార్డులు. కరెంటు లేని ఊళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఆడుతుండటంతో, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ బీటిల్స్ పాటల్ని 78 వేగం ప్లేట్లుగా కూడా అచ్చువేసింది. ఇంగ్లండులో అప్పటికి ఆ రకం పోయి ఏళ్లయింది.

ఆర్ 5570 ఇంగ్లండు ప్రధాన పట్టికలో రెండో స్థానం దాటలేదు. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ ‘రిలీజ్ మీ’ అడ్డుపడింది. ఈ రెండు పాటల్నీ సింగిల్‌గా ఇచ్చేసి ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌లో పెట్టకపోవడం తన వృత్తిజీవితంలోకెల్లా పెద్ద పొరపాటని మార్టిన్ తర్వాత అన్నాడు. నేను ఒప్పుకోను. ఆల్బమ్‌లో అయితే ఇది పదమూడు పాటల వరుసలో ఇంకొకటి అయ్యేది. నాలుగు నిమిషాల చిల్లరకే ఒక వైపు అయిపోయే రికార్డు కాబట్టే, ముల్లు ఎత్తి మళ్లీ మొదటికి పెట్టి అతుకెక్కడుందో వెతుక్కుంటాం.