పిల్ల కడుపులో ఏలికపాములు

గుర్రప్పిల్ల పుట్టేనాటికి దాని కడుపులో నట్టలు ఉండవు. మొదటి వారం నుంచే చేరడం మొదలవుతుంది. ముందుగా వచ్చేది స్ట్రాంగిలాయిడిస్ వెస్టెరై అనే సన్నటి పురుగు. తల్లి ఒంట్లో అణిగి ఉన్న దీని లార్వాలు పాలతో పాటు పిల్లలోకి దిగుతాయి. రెండు వారాలు తిరిగేసరికి పిల్ల లద్దెలో గుడ్లు కనిపించవచ్చు. చాలా పిల్లలకు విరేచనాలు పట్టేదీ ఆ రోజుల్లోనే, తల్లి ఈనిన తర్వాత మొదటిసారి ఎదకు వచ్చేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఆ విరేచనాల నింద కొంతకాలం తల్లిపాల మీద, కొంతకాలం ఈ పురుగు మీద పడింది. నిజానికి పురుగు లేని పిల్లలకూ అవి వస్తాయి, వాటంతటవే తగ్గుతాయి. తల్లికి ఈనే సమయంలో ఐవర్‌మెక్టిన్ వేస్తే పాలలోకి దిగే లార్వాలు బాగా తగ్గుతాయి. ఆ తర్వాత ఆరు నెలల లోపు పిల్లకే నిరోధకశక్తి వస్తుంది. ఈ పురుగు గురించి ఇంతకంటే బెంగపడాల్సింది లేదు.

బెంగపడాల్సింది పారాస్కారిస్ గురించి. ఇది గుర్రాలకు వచ్చే ఏలికపాము. ఎదిగిన ఆడపురుగు పెన్సిల్ అంత లావు ఉంటుంది, కొన్ని అరమీటరు దాకా పెరుగుతాయి. రోజుకు లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్డు పైపెంకు మందం, పైగా జిగురు. గోడకు, నీళ్ల తొట్టికి, తల్లి పొదుగుకు అంటుకుని ఉంటుంది. మామూలు క్రిమిసంహారకాలకు చావదు, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కాబట్టి ఈ ఏడాది పిల్లకు అంటేది చాలావరకు కిందటేడాది పిల్లలు వదిలివెళ్లిన గుడ్లే. తల్లి నుంచి వచ్చేది తక్కువ, ఎందుకంటే ఎదిగిన గుర్రాల్లో ఈ పురుగు అరుదు.

మింగిన గుడ్డు పేగులో పగులుతుంది. బయటపడిన లార్వా పేగు గోడను తొలుచుకుని రక్తంతో కాలేయానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్లీ మింగుడుపడి, సుమారు నాలుగు వారాలకు చిన్నపేగు చేరుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి మొత్తం పది నుంచి పదిహేను వారాలు పడుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోదగ్గది. నెల వయసు పిల్ల లద్దెలో ఏలికపాము గుడ్లు కనిపించాయంటే అవి దాని కడుపులో పుట్టినవి కావు. పసిపిల్లలు లద్దె తింటాయి, అలా మింగిన గుడ్లే అటునుంచి బయటికి వచ్చి ఉంటాయి.

దగ్గు, ముక్కు కారడం, బిరుసెక్కిన వెంట్రుకలు, ఉబ్బిన పొట్ట, కుంటుపడిన ఎదుగుదల దీని లక్షణాలు. అసలు ప్రమాదం నాలుగు, అయిదు నెలల వయసులో ఉంటుంది. పేగు నిండా పురుగులున్న పిల్లకు వాటిని చచ్చుబడేసే మందు, అంటే ఐవర్‌మెక్టినో పైరాంటెలో, ఒక్కసారిగా వేస్తే పడిపోయిన పురుగులన్నీ ఉండకట్టి పేగును మూసేస్తాయి. అలా పేగు మూసుకుపోయి శూలతో ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో చాలావాటికి ఒకటి రెండు రోజుల ముందే నట్టల మందు పడి ఉంటుంది. పేగు పగిలితే పిల్ల దక్కదు, సకాలంలో శస్త్రచికిత్స చేసినా బతికే అవకాశం అంతంతమాత్రమే. ఫెన్‌బెండజోల్ వంటి మందులు పురుగును నెమ్మదిగా, శక్తి అందకుండా చేసి చంపుతాయి కాబట్టి ఈ ముప్పు కొంత తక్కువ.

మందు ఎప్పుడు, ఎంత తరచుగా అన్న ప్రశ్నకు నేటికీ చాలా గుర్రపుశాలల్లో దొరికే జవాబు పాతది. 1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చింది. 1966లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రడ్జ్, లయన్స్ ప్రతి రెండు నెలలకు గుర్రాలన్నిటికీ మందు వేయాలని ప్రతిపాదించారు. వారి గురి స్ట్రాంగిలస్ వల్గారిస్ మీద. పేగులకు రక్తం తెచ్చే ధమనిలో కాపురం పెట్టి, గడ్డలు కట్టించి, గుర్రాన్ని చంపే పురుగు అది. పథకం అద్భుతంగా ఫలించింది. ఆ పురుగు నిర్వహణ బాగున్న ఫారాల్లో దాదాపు కనుమరుగైంది. శత్రువు పోయినా క్యాలెండర్ మాత్రం గోడ మీదే ఉండిపోయింది. పిల్లల విషయంలో అది ఇంకా ముదిరి నెలకొకసారి అయింది.

దాని ఫలితం తెలిసిందే. ఏలికపాము ఐవర్‌మెక్టిన్‌కు మొదటి నుంచీ మొండిఘటం. ఆ మందు మోతాదుకు మిగతా పురుగులు సులభంగా చస్తే, ఇది అతికష్టం మీద చచ్చేది. నెలనెలా అదే మందు పడిన కడుపులో తట్టుకున్నవి మాత్రమే గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లు ఏళ్ల తరబడి ఫారంలో నిలిచాయి. ఐవర్‌మెక్టిన్‌కు లొంగని ఏలికపాముల గురించి తొలి నివేదిక 2002లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఇప్పుడది గుర్రాలున్న దేశాల్లో సర్వసాధారణం. అలాగని మందు మొత్తంగా తగ్గించేయడమూ మందు కాదు. డెన్మార్క్ 1999లో పరీక్ష, పశువైద్యుడి చీటీ లేనిదే నట్టల మందు అమ్మరాదంది. ఆ తర్వాత పరీక్షలో ఎక్కువ గుడ్లు తేలిన గుర్రాలకే మందు వేసే ఫారాల్లో వల్గారిస్ మళ్లీ ఎక్కువగా కనిపించింది.

ఎదిగిన గుర్రాల్లో గుడ్లు లెక్కించి, ఎక్కువ వదిలే కొద్దివాటికే అదనంగా మందు వేయడం సబబు. పిల్లలకు ఆ సూత్రం వర్తించదు, వాటిలో నిరోధకశక్తి ఇంకా తయారు కాలేదు. అమెరికా అశ్వవైద్యుల సంఘం మార్గదర్శకాలు మొదటి ఏడాదిలో కనీసం నాలుగుసార్లు సూచిస్తాయి. మొదటిది రెండు, మూడు నెలల వయసులో, ఏలికపాముల కోసం ఫెన్‌బెండజోల్ జాతి మందు. రెండోది నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, పాలు మాన్పించడానికి కాస్త ముందు. అప్పుడు లద్దె పరీక్ష చేయించడం తప్పనిసరి, ఎందుకంటే కడుపులో ఉన్నవి ఇంకా ఏలికపాములా, లేక వల్గారిస్ వంటి స్ట్రాంగైల్ జాతివా అన్నది తేలితేనే మందు ఎంపిక తేలుతుంది. తొమ్మిది, పన్నెండు నెలలప్పుడు వేసేవి ప్రధానంగా స్ట్రాంగైల్స్ కోసం. ఆ వయసులో బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ కూడా కలుపుతారు.

మోతాదులో పొరపాటుకు క్షమాపణ లేదు. ఏలికపాములకు ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, పెద్ద గుర్రాలకు స్ట్రాంగైల్స్ కోసం వేసే దానికి రెట్టింపు. చూపుతో బరువు అంచనా వేస్తే తక్కువ పడుతుంది, తక్కువ మోతాదు పురుగులకు తట్టుకోవడం నేర్పే బడి. ఛాతీ చుట్టూ కట్టే కొలత టేపు ఖర్చు చాలా తక్కువ. మాక్సిడెక్టిన్ విషయంలో ప్రమాదం రెండోవైపు ఉంటుంది. అది కొవ్వులో నిలిచే మందు, పిల్ల ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. ఎక్కువైతే తూలడం, స్పృహ తప్పడం దాకా పోతుంది. అందుకే అమెరికాలో ఆరు నెలల లోపు పిల్లలకు వాడరాదని దాని పెట్టె మీదే రాసి ఉంటుంది.

మందు వేసిన రెండు వారాలకు లద్దెలో గుడ్లు మళ్లీ లెక్కించడం చాలామంది మానేసే పని. ముందటి లెక్కతో పోలిస్తే తగ్గాయో లేదో తెలుస్తుంది, ఆ ఫారంలో ఏ మందు పనిచేస్తోందో అదొక్కటే చెబుతుంది. సీసా మీది ప్రకటన చెప్పదు.

ఏడాది నిండేసరికి ఏలికపాముల వంతు ముగిసి చిన్న స్ట్రాంగైల్స్ వంతు వస్తుంది. వీటిలో దాదాపు యాభై జాతులున్నాయి. లార్వాలు పెద్దపేగు గోడలో గూళ్లు కట్టుకుని నెలల తరబడి ఉంటాయి, ఒక్కోసారి రెండేళ్లకు పైగా. లద్దె పరీక్షకు ఇవి అందవు. అన్నీ ఒకేసారి బయటపడితే తీవ్ర విరేచనాలతో లేత వయసు గుర్రం కూలిపోతుంది. గూళ్లలోని వాటిని చంపే మందు ప్రధానంగా మాక్సిడెక్టిన్. ఫెన్‌బెండజోల్‌కు ఈ పురుగులు చాలాచోట్ల లొంగడం మానేశాయి.

హైదరాబాద్‌లోని మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రాల్లో చాలా పుణె చుట్టుపక్కల, కర్ణాటకలోని కుణిగల్ వంటి చోట్ల స్టడ్ ఫారాల్లో పుట్టినవే. అలాంటి ప్రాంతాల్లో వేసవి ఎండ స్ట్రాంగైల్ లార్వాలను మాడ్చేస్తుంది, వానాకాలపు పచ్చికలో అవి విజృంభిస్తాయి. కాబట్టి చలిదేశాల ఋతువుల పట్టికను ఇక్కడ గుడ్డిగా దింపుకోవడం తెలివైన పని కాదు. పచ్చిక మీద లద్దెను వారానికి రెండుసార్లు ఎత్తివేయడం మాత్రం అన్నిచోట్లా మేలే, ఒక్కోసారి మందుల కంటే కూడా. పచ్చి లద్దెను మేతబయలులో ఎరువుగా చల్లకూడదు. కుప్పవేసి బాగా వేడెక్కి మాగితే గుడ్లూ లార్వాలూ చస్తాయి. కొట్టంలో ప్రతి ఈతకు ముందు గోడలు, నేల నీటి ఒత్తిడితో, వీలైతే ఆవిరితో కడగాలి. పొదుగు కడిగి పిల్లను వదలడం మంచి అలవాటు. వరసగా ఏటేటా అదే బయల్లో పిల్లల్ని మేపకుండా మధ్యలో పశువులనో గొర్రెలనో వదిలితే గుర్రపు పురుగులు వాటి కడుపులో బతకవు. కొత్తగా కొన్న పిల్లను మందు వేసి, లద్దె పరీక్ష చేయించాకే మిగతావాటితో కలపాలి. లొంగని పురుగులు ఫారంలోకి వచ్చే దారుల్లో కొత్త గుర్రం ఒకటి.