బుగ్గన దాచిన ముద్ద

మా పాపకి మూడేళ్ళప్పుడు అన్నం తినిపించడానికి రోజూ గంట పట్టేది. స్టీలు గిన్నెలో నెయ్యి వేసి కలిపిన పప్పన్నం, పక్కన మంచినీళ్ళ గ్లాసు. బాల్కనీలో మొదలైన భోజనం హాల్లోకి, అక్కణ్ణించి మెట్ల మీదికి నడిచేది. పాప ముద్ద పెట్టించుకునేది కానీ నమిలేది కాదు, బుగ్గన దాచుకునేది. "మింగమ్మా, మింగు" అని నేను బతిమాలుతుంటే తను గోడకేసి చూస్తుండేది. ఒక సాయంత్రం, మర్నాడు సెమినార్లో చదవాల్సిన పేపర్ ఇంకా పూర్తికాని హడావిడిలో, నా ఓపిక నశించింది. రెండు బుగ్గలూ నొక్కిపట్టి ముద్దని లోపలికి తోశాను. తిన్నదంతా కక్కేసింది. ఆ పేపర్ దేని గురించో చెప్తే మీరు నవ్వుతారు. స్త్రీవాద కవిత్వంలో శరీరం మీద హక్కు!

ఆ రాత్రి నేల తుడుస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న. 'వద్దు' అనే మాటని కవితల్లో వెతికి వెతికి గౌరవించే నేను, నా ఎదురుగా ఒక చిన్న మనిషి పెదవులు బిగించి చెప్తున్న 'వద్దు'ని ఎందుకు వినలేకపోయాను? ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే ప్రయత్నం. పిల్లల తిండి పేచీ సాహిత్య విమర్శకి అందే విషయం కాదనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. తినిపించడం చుట్టూ మనకి పాటలున్నాయి, పురాణముంది, ప్రభుత్వ పథకాల పేర్లున్నాయి. వీటన్నిటినీ ఒక పాఠంగా చదవొచ్చు. ఆడవాళ్ళం తప్పకుండా చదవాలి.

మొదట గోరుముద్దని చూద్దాం. వెన్నెల, డాబా, అమ్మ చెయ్యి, చందమామని రమ్మని పిలిచే పాట. తెలుగువాళ్ళ జ్ఞాపకాల్లో ఇంతకన్నా మెత్తని దృశ్యం లేదు. కానీ ఆ దృశ్యంలో అమ్మ ఎప్పుడు తిన్నదో ఎవరూ చెప్పరు. మగవాళ్ళ భోజనాలైపోయాయి, అంట్ల గిన్నెలు ఎదురు చూస్తున్నాయి, తను ఇంకా తినలేదు. పిల్ల తింటే గానీ ఆమె రోజు ముగియదు. పిల్ల ఆశ్చర్యంతో పైకి చూసి నోరు తెరిచిన క్షణంలో ముద్ద పెట్టాలి. అంటే దంపుళ్ళ పాటలాగా, నాట్ల పాటలాగా చందమామ పాట కూడా శ్రమ పాటే. మనం దాన్ని 'పిల్లల పాటలు' అనే అరలో సర్దేసి, పాడినామె చాకిరీని కనపడకుండా చేశాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పాట పిల్ల చూపుని కంచం మీంచి తప్పిస్తుంది. ఇవాళ ఆ పని ఫోన్ చేస్తోంది. "మా కాలంలో చందమామని చూపించేవాళ్ళం, మీరు ఫోన్ చూపిస్తున్నారు" అని మా అత్తయ్య నన్ను దెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే ఆవిడ మాటలో నిజం ఉంది. పాటలో అమ్మ గొంతు ఉంది, ముఖం ఉంది. ఫోన్లో అవి లేవు. ఆ తేడా చిన్నది కాదు. అయితే రెండు చోట్లా పిల్లకి తను తింటున్నానన్న స్పృహ ఉండదు. తన ఆకలి ఎక్కడ మొదలై ఎక్కడ తీరిందో తెలుసుకునే వీలుండదు.

రెండోది యశోద కథ. మన సాహిత్యంలో అందరికన్నా ప్రసిద్ధుడైన పిల్లవాడు తిననని మారాం చేసేవాడు కాడు. వెన్న దొంగిలించి తింటాడు. మన్ను కూడా తింటాడు. యశోద అతన్ని పట్టుకుని నోరు తెరవమంటుంది. ఏం తిన్నావు అని అడిగిన తల్లే గానీ, ఎందుకు తినవు అని అడగాల్సిన అవసరం ఆమెకి రాలేదు. అతని నోట్లో ఆమెకి బ్రహ్మాండం కనిపించింది. పిల్లవాడి నోటిలో తల్లికి అందని లోకం ఒకటుందని ఒప్పుకున్న కథ అది. మనం మాత్రం ఆ భాగాన్ని భక్తికి వదిలేసి, నోరు తెరిపించడం ఒక్కటే నేర్చుకున్నాం. తిననన్న పిల్ల గురించి మన దగ్గర కథలెందుకు తక్కువ? ఆ పిల్ల అమ్మ ఓడిపోయినట్టు లెక్క కాబట్టి. "పిల్ల చిక్కిపోయిందే" అని చుట్టాలు అనేది పిల్లతో కాదు, అమ్మతో. పిల్ల కంచం అమ్మ పరీక్ష పేపర్. మార్కులు వేసేవాళ్ళు ఇంటినిండా ఉంటారు.

మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని వదల్లేదు. విమల 'వంటిల్లు' కవిత తర్వాత వంటగదిని ఎవరూ పాత కళ్ళతో చూడలేకపోయారు. కానీ నేను చదివినంతలో, వండటం గురించి రాసినంతగా మనం తినిపించడం గురించి రాయలేదు. వండటాన్ని చాకిరీ అనగలిగాం. తినిపించడాన్ని అనడానికి నోరు రాలేదు, అందులో ప్రేమ ఉంది కాబట్టి. ప్రేమ ఉన్నచోట బలవంతం కూడా ఉండొచ్చని మొగుళ్ళ విషయంలో గట్టిగా చెప్పిన మనం, తల్లుల విషయంలో తడబడ్డాం.

ఈ వెతుకులాటలో నేను సాహిత్యం దాటి ముగ్గురు అమెరికన్ స్త్రీల పరిశోధనలు చదివాను. వాటినీ పాఠాలుగానే చదివాను. పిల్లల డాక్టరు క్లారా డేవిస్ 1926లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అప్పుడే తల్లిపాలు మానిన 15 మంది పసివాళ్ళ ముందు 30కి పైగా పదార్థాల్లోంచి పళ్ళేలు సర్ది పెట్టేవాళ్ళు. నర్సులు బతిమాలకూడదు, మెచ్చుకోకూడదు, కసరకూడదు. పిల్ల చెయ్యి చాపినదాన్ని అందించడమే వాళ్ళ పని. ఒక్కొక్కరు ఒక్కో వింత భోజనం చేశారు. కమలాపండు రసం, కాలేయం కలిపి పొద్దుటి తిండిగా తిన్నవాళ్ళున్నారు. అందరూ ఆరోగ్యంగా పెరిగారు. అసలు కిటుకు పదార్థాల జాబితాలో ఉందని 1939లో ఆమే చెప్పింది. పంచదార లేదు, మిల్లులో సారం పోయిన పిండి లేదు. ఏం పెట్టాలో పెద్దవాళ్ళు ముందే నిర్ణయించారు.

1980లలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఇదే విషయాన్ని ఇంటి భాషలోకి తెచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ళ బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్ల బాధ్యత. లీయాన్ బర్చ్ బృందం 1984లో ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామని పిల్లలకి ఆశపెట్టి చూస్తే, ఆ తర్వాత పిల్లలకి అదంటే ఇష్టం తగ్గింది. 2006లో ఆమె సహపరిశోధకులతో చేసిన ఇంకో అధ్యయనంలో, సూప్ పూర్తిచెయ్యమని ఒత్తిడి పెట్టిన పిల్లలు తక్కువ తాగారు, ఎక్కువ సణిగారు. ఒత్తిడి లేకుండా మళ్ళీ మళ్ళీ రుచి చూసే అవకాశం ఇస్తే, పదీ పదిహేనుసార్ల తర్వాతైనా కొత్త రుచి అలవాటవుతుందని కూడా ఈ పరిశోధనలు చెప్తున్నాయి. మనం రెండోసారికే "దానికి కాకరకాయ పడదు" అని తీర్పు చెప్పేస్తాం.

వీటితో నాకు గొడవలూ ఉన్నాయి. డేవిస్ ప్రయోగంలో తల్లి లేదు. పేదరికంలో పెంచుకోలేక తల్లులు అప్పగించిన పిల్లలు వాళ్ళు. తల్లిని తీసేస్తే పేచీ పోతుందన్నట్టు ఉంటుంది. సాటర్ చెప్పిన 'పెద్దవాళ్ళు' ఎవరు? మన ఇళ్ళలో ఏం వండాలో చెప్పేది ఒకరు, ఎప్పుడు తినాలో చెప్పేది ఇంకొకరు, వండేది తల్లి, పిల్ల తినకపోతే మాటపడేదీ తల్లే. అధికారం పంచకుండా బాధ్యతని పంచలేం.

ఇంకా పెద్ద గొడవ నా తరగతితోనే. మా ఇంట్లో పనిచేసే ఆమె నా అవస్థ చూసి నవ్వింది. "మా పోరగాండ్లు యాడ అలుగుతరమ్మా! జర ఆలస్యమైతే అన్నే తినేస్తడు." మనకి ఇలాంటి మాటలు భలే నచ్చుతాయి. 'ఆకలైతే అదే తింటుంది' అని మురిసిపోతాం. లేమిని క్రమశిక్షణ అని పొగడటం అది. తిననని చెప్పే వీలు ఉండటం కూడా ఒక సౌకర్యం. అది కొన్ని ఇళ్ళలోనే దొరుకుతోంది. బడిలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించాల్సి వచ్చిన దేశం మనది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆ భోజనానికి గోరుముద్ద అని పేరు పెట్టారు. 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. మొదటి పేరులో అమ్మ చెయ్యి, రెండో పేరులో అన్నదాత అయిన తల్లి. నిజంగా వండి వడ్డించే ఆడవాళ్ళకి మాత్రం జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. 2019లో దాన్ని నెలకి 3000 రూపాయలు చేశారు. ఇంట్లోనైనా బడిలోనైనా తినిపించడానికి పొగడ్త దొరికినంత తేలిగ్గా కూలి దొరకదు.

మరి మా ఇంట్లో ఏమైంది? ముందు ఒక లెక్క తెలుసుకున్నాను. పుట్టినప్పటి బరువుకి మూడింతలు పిల్ల మొదటి ఏడాదిలోనే పెరుగుతుంది. రెండో ఏడాది మొత్తం మీద రెండు రెండున్నర కిలోలే పెరుగుతుంది. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. నేను మొండితనం అనుకున్నదాంట్లో సగం ఇదే. బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమవుతున్నా డాక్టరు చూడాల్సిందే. మా పాపకి అవేవీ లేవు. అన్నానికి ముందు ఇచ్చే పాల గ్లాసు మానేశాం. గిన్నె పట్టుకుని తిరగడం మానేసి, అందరం కలిసి కింద కూర్చున్నాం. తన కంచం తనకి. అందులో తనకి తెలిసినది ఒకటి, తెలియని కూర చెంచాడు. తిన్నా మెచ్చుకోలేదు, తినకపోయినా అడగలేదు. అరగంట తర్వాత కంచం తీసేసేవాళ్ళం, కోపం లేకుండా. మొదటి వారం నాకు నరకం. పిల్లకి కాదు, నాకు! నోరు మూసుకు కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పిల్ల రెండు ముద్దలు తిని లేచిపోతే, నేను తల్లిని కాకుండా పోతున్నానేమో అని భయం. నెలన్నరకి బీరకాయ తింది. బెండకాయ ఇప్పటికీ ముట్టదు. సరే.

కలిసి కూర్చోవడంతో ఇంకొకటి బయటపడింది. పాప వాళ్ళ నాన్న బీరకాయ తినడు. పెళ్ళైన ఏడేళ్ళూ నేను దాన్ని వండనే లేదు. నాకది ఇష్టమని కూడా మర్చిపోయాను. "మా వాడు ఐదేళ్ళొచ్చేదాకా నా చేత్తోనే తిన్నాడు, వాడికి నచ్చనిది నేను వండలేదు" అని మా అత్తయ్య గర్వంగా చెప్తుంది. మగపిల్లవాడి పేచీ ఇంటి వంటల పట్టిక అవుతుంది, తర్వాత భార్య ఉద్యోగం అవుతుంది. ఆడపిల్ల పేచీ పెడితే "రేపు అత్తారింట్లో ఇలాగే చేస్తావా" అంటారు. ఒకే మారాంకి రెండు న్యాయాలు! పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలు మనందరికీ తెలుసు. పేరుకన్నా ముందు మర్చిపోయేది రుచినేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది. పెట్టిందల్లా మింగమని పెరిగిన ఆడపిల్ల, ఎవరికేం ఇష్టమో గుర్తుపెట్టుకునే పెద్దమనిషి అవుతుంది. తనకేం ఇష్టమో ఎవరూ అడగరు, తనూ అడుక్కోదు.

అందుకే పిల్లకి గొడవ లేకుండా తినిపించడం పెంపకం చిట్కా మాత్రమే కాదు. పిల్ల నోటి మీద పిల్లకి హక్కు ఒప్పుకోవాలంటే, ముందు తల్లికి మార్కులు వెయ్యడం ఆపాలి. రెండూ ఒకేసారి జరగాల్సిన పనులు. మనలో చాలామంది దగ్గర ఇలాంటి భోజనాల కథలు, సిగ్గుపడే సాయంత్రాలు ఉంటాయి. వాటిని రాద్దాం. మొన్న బజారుకి వెళ్తుంటే మా పాప అడిగింది, "అమ్మా, నీకే కూర ఇష్టం?" అని. కూరగాయల బండి దాకా నడిచాం. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.